కొరియా ప్రయాణం: చెప్పులు విప్పించే చోట్లకి ఎక్కువ టైమ్ పెట్టుకోండి

కొరియా టికెట్ బుక్ అయ్యాక ముందుగా కొనాల్సినవి రెండు. లేసులు కట్టే పని లేకుండా కాలు దూర్చేసే బూట్లు ఒక జత, బొటనవేలి దగ్గర చిరుగు లేని సాక్సులు ఐదారు జతలు. నవ్వులాటకి చెప్పడం లేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు సియోల్‌లో ఐదు రోజులు టవరు, మాల్, షాపింగ్ వీధి, కాఫీ షాపు అంటూ తిరిగాను. ఒక్క చోట కూడా బూట్లు విప్పలేదు. ఇంటికొచ్చాక ఫోన్ నిండా ఫోటోలే. "అక్కడి మనుషులు ఎలా ఉంటారు?" అని అమ్మ అడిగితే చెప్పడానికి మాత్రం ఏమీ దొరకలేదు. రెండోసారి లెక్క మార్చాను. బూట్లు బయట విప్పి లోపలికి రమ్మనే చోట్లు వెతుక్కున్నాను: గుడి, పాత పెంకుటిల్లు, నేల మీద కూర్చోబెట్టి అన్నం పెట్టే హోటలు, వేడినీళ్ళ స్నానశాల. అమ్మకి చెప్పాల్సిన సంగతులన్నీ అక్కడే దొరికాయి.

కింద చెప్పేదంతా ఆ లెక్క ప్రకారమే. పది రోజులు చేతిలో ఉన్నాయనుకుని చెబుతున్నాను. వారమే ఉంటే ఊళ్ళు తగ్గించుకోండి, ఒక్కో ఊళ్ళో ఉండే రోజులు మాత్రం కోసేయకండి.

ఎప్పుడు వెళ్ళాలి

ఏప్రిల్ మొదట్లో చెర్రీ పూలు, అక్టోబరు ఆఖరు నుంచి నవంబరు మొదటి వారం దాకా ఎర్రబడ్డ ఆకులు. రెండూ మంచి కాలాలే, అందుకే గదుల రేట్లూ ఎక్కువే. జూన్ చివర మొదలై జూలైలో "చాంగ్మా" ముసురు పడుతుంది. ఆగస్టు ఉక్క బెజవాడ వాళ్ళకి కొత్తేమీ కాదు గానీ, దానికోసం అంత దూరం పోనక్కర్లేదు. జనవరిలో సియోల్ మైనస్ పది దాకా దిగిపోతుంది. అయితే చలికాలానికి ఒక సుఖం ఉంది. కొరియా ఇళ్ళలో నేలని అడుగునుంచి వేడి చేస్తారు, ఆ ఏర్పాటుని "ఒండోల్" అంటారు. బయట వణికి వణికి లోపలికొచ్చి, బూట్లు విప్పి, ఆ వెచ్చటి నేల మీద కాళ్ళు చాపితే చాలు. వాళ్ళు తరతరాలుగా నేలమీదే తిని నేలమీదే ఎందుకు పడుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేకుండా అర్థమవుతుంది.

పండగలకి వెళ్దాం అనుకునేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. "సొల్లాల్" వాళ్ళ సంవత్సరాది, "చుసొక్" పంటల పండగ. రెండూ చాంద్రమానం ప్రకారం వస్తాయి, 2026లో చుసొక్ సెప్టెంబరు 25న పడింది. రెండూ ఇంటిలోపల జరుపుకునే పండగలు. సంక్రాంతికి జనం ఊళ్ళకి వెళ్ళిపోతే హైదరాబాద్ ఎలా ఉంటుందో అప్పుడు సియోల్ అలా ఉంటుంది. మనం పెద్దలకి పెట్టుకున్నట్టే వాళ్ళూ పోయిన పెద్దలకి అన్నం, పళ్ళు, పిండివంటలు పెట్టి మొక్కుతారు. బయటివాళ్ళకి అందులో చోటుండదు. పైగా చిన్న హోటళ్ళు మూసేస్తారు, రైలు టికెట్లు దొరకవు. తెలిసిన కొరియన్ కుటుంబం ఇంటికి పిలిస్తే మాత్రం ఏ పనున్నా మానుకుని వెళ్ళండి.

వీధిలో నిలబడి చూసే పండగ కావాలంటే తామర దీపాల పండగ "యొన్‌దుంగ్‌హ్వే" ఉంది. వాళ్ళ చాంద్రమానంలో నాలుగో నెల ఎనిమిదో రోజు బుద్ధుడి పుట్టినరోజు. దానికి ముందు ఒక శనివారం సాయంత్రం సియోల్ జోంగ్నో వీధిలో వేలమంది కాగితం లాంతర్లు పట్టుకుని నడుస్తారు. 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది. టికెట్ ఏమీ లేదు, ముందుగా వెళ్ళి రోడ్డు పక్కన కుర్చీ పట్టుకోవడమే.

అక్షరాలు దిద్దండి

వీసా ఫారం నింపే ముందే ఒక తెల్లకాగితం తీసుకుని కొరియన్ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టండి. "హంగుల్" లిపిని సెజోంగ్ రాజు 1443లో తయారుచేయించి, 1446లో జనానికి ఇచ్చాడు. అంతకుముందు చదువంటే చైనా అక్షరాలే, అవి వేలకొద్దీ. కొత్త లిపిలో ఇప్పుడు వాడే మూలాక్షరాలు 24 మాత్రమే. పద్నాలుగు హల్లులు, పది అచ్చులు. తెలివైనవాడు పొద్దెక్కేలోపు నేర్చుకుంటాడు, తెలివి తక్కువవాడికైనా పది రోజులు చాలు అని ఆ రోజుల్లోనే రాసుకున్నారు. నాకు నాలుగు రోజులు పట్టింది. మీరే లెక్క వేసుకోండి.

తెలుగు గుణింతం చదివినవాళ్ళకి ఇది మరీ సులువు. హల్లు, దానికి అచ్చు, కింద ఇంకో హల్లు కలిపి ఒక గడిలో ఇరికిస్తారు. చిన్న చతురస్రం "మ", మూసిన పెదాల బొమ్మ అది. నిలువు గీత కిందనుంచి కుడికి అడ్డగీత లాగితే "న", పైపళ్ళ వెనక ఆనిన నాలుక బొమ్మ. నాకు బాగా నచ్చింది సున్నా. అక్షరం మొదట్లో సున్నా ఉంటే దానికి ధ్వని లేదు, అచ్చు ఒక్కటే పలుకుతుంది. అక్షరం అడుగున ఉంటే మాత్రం "గంగ"లో మన సున్నా ఎలా పలుకుతుందో అచ్చం అలాగే ముక్కుతో పలుకుతుంది.

భాష నడక కూడా మనకి దగ్గరే. "నానున్ బబుల్ మొగొస్సొయో" అంటే వరసగా నేను, అన్నాన్ని, తిన్నాను. క్రియ చివరికే వస్తుంది, విభక్తి మాట వెనకాలే అంటుకుంటుంది. "నా" అంటే నేను, మాటల్లో "ని" అంటే నువ్వు. అమ్మ "ఒమ్మా", నాన్న "అప్పా". హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1905లో కొరియన్‌ని ద్రావిడ భాషలతో పోలుస్తూ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఇప్పటి భాషావేత్తలు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పోనీండి, నేర్చుకునేవాళ్ళకి ఆ పోలిక ఊతకర్రలా పనికొస్తుంది.

హైదరాబాద్‌లో విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో కొరియన్ చెబుతారు, చెన్నైలో కొరియా సంస్కృతి కోసం పెట్టిన ఇన్‌కో సెంటర్ ఉంది. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక అటువైపు హంగుల్ బోర్డులు కూడా కనిపిస్తున్నాయి. బెంగళూరు వెళ్తూ కారు కిటికీలోంచి చదువుకుంటూ పోవచ్చు. ఎక్కువ నేర్చుకోలేకపోయినా బోర్డు చదవడం వస్తే చాలు. కొరియాలో చాలా బోర్డుల మీద మాట ఇంగ్లీషుదే, రాత మాత్రం హంగుల్. చదవగానే "కాఫీ", "బస్", "హోటెల్" అని పలుకుతాయి.

వీసా, సామాన్లు

భారత పాస్‌పోర్టుకి ముందుగా వీసా కావాలి. కొన్ని దేశాలవాళ్ళకి ఇచ్చే ఆన్‌లైన్ అనుమతి మనకి వర్తించదు. టూరిస్టు వీసాకి బ్యాంకు స్టేట్‌మెంట్, ఐటీ రిటర్నులు, ఉద్యోగం లేదా వ్యాపారం కాగితాలు, ఏ రోజు ఎక్కడుంటారో చెప్పే ప్లాన్ అడుగుతారు. వీసా రాకముందే డబ్బు వాపసు ఇవ్వని గదులు బుక్ చేయకండి. దిగడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో ఈ-అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది అసలుది కాదు.

సామాన్ల విషయంలో మనవాళ్ళకి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. కోడి పచ్చడి, మటన్ పచ్చడి పెట్టుకోకండి. మాంసంతో చేసినవేవీ ఆ దేశంలోకి రానివ్వరు, దొరికితే జరిమానా చాలా పెద్దది. తోటలో మామిడిపళ్ళు, పచ్చి కరివేపాకు కూడా వద్దు. కందిపొడి, కారప్పొడి సీల్ చేసిన ప్యాకెట్లలో పెట్టుకోండి. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ దూరదు. గుండ్రటి రెండు పిన్నుల అడాప్టర్ కావాలి.

దిగిన రోజు

ఇంచన్ ఎయిర్‌పోర్టులో దిగగానే నాలుగు పనులు. ఫోన్‌కి సిమ్ లేదా ఈ-సిమ్ వేయించుకోండి. చిన్న కన్వీనియన్స్ స్టోర్‌లో టీ-మనీ కార్డు కొని డబ్బు వేయించుకోండి, బస్సుకీ మెట్రోకీ అదే. మిగతా దేశమంతా బ్యాంకు కార్డుతో నడిచిపోతుంది కానీ ఈ కార్డు రీఛార్జికి మాత్రం చాలాచోట్ల నోట్లే అడుగుతారు, కాబట్టి వాళ్ళ కరెన్సీ వొన్ కొంచెం దగ్గర ఉంచుకోండి. మూడోది, గూగుల్ మ్యాప్స్ మీద నమ్మకం పెట్టుకోకండి. వివరమైన మ్యాపు డేటాని భద్రత పేరుతో చాలాకాలం దేశం దాటనివ్వలేదు, అందుకే నడక దారులు చూపించడంలో అది తడబడుతుంది. నేవర్ మ్యాప్ గానీ కాకావో మ్యాప్ గానీ వేసుకోండి, అనువాదానికి పాపాగో. నాలుగోది రైలు ఎక్కడం. ఆగకుండా వెళ్ళే ఎక్స్‌ప్రెస్ మొదటి టెర్మినల్ నుంచి సియోల్ స్టేషన్‌కి 43 నిమిషాల్లో చేరుస్తుంది. ఏదైనా తోచకపోతే 1330కి ఫోన్ చేయండి, టూరిస్టుల కోసం పెట్టిన నంబరు, ఇంగ్లీషులో మాట్లాడతారు. పోలీసులకి 112, అంబులెన్సుకి 119.

మెట్రోలో రెండు జాగ్రత్తలు. పెట్టె చివర్లలో ఉండే సీట్లు ముసలివాళ్ళవి, గులాబీ రంగువి గర్భిణులవి. ఖాళీగా ఉన్నా కూర్చోకండి. ఫోన్లో గట్టిగా మాట్లాడకండి. ఇది మనకి కష్టమే, తెలుసు.

పిలుపులు, చేతులు

కొరియాలో పేరు పెట్టి పిలవడం తక్కువ. చుట్టరికమో హోదానో పెట్టి పిలుస్తారు. హోటల్లో వడ్డించే నడివయసు ఆవిడని "ఇమో" అంటారు, అంటే పిన్ని. ఆడపిల్ల తనకన్నా పెద్దదాన్ని "ఒన్ని" అంటుంది, అక్క. ముసలావిడ "హల్మొని", మామ్మ. మన ఊళ్ళో తెలియని మనిషిని కూడా బాబాయ్, అక్కా అనే అలవాటు ఉంది కదా, అదే పద్ధతి. కానీ తెలిసిందని తొందరపడి "అజుమ్మా" అనకండి. ముప్పయ్యేళ్ళ అమ్మాయిని మనవాళ్ళు "ఆంటీ" అంటే ఎంత మండుతుందో అంత మండుతుంది. కొత్తవాళ్ళకి క్షేమమైన మాటలు రెండు: ఎవరినైనా పిలవడానికి "యొగియో", అంటే ఇక్కడండీ, షాపు నడిపేవాళ్ళకి "సాజంగ్‌నిమ్", అంటే ఓనరుగారు. చివరి "నిమ్" మన "గారు" చేసే పనే చేస్తుంది.

పరిచయమైన పది నిమిషాలకే మీ వయసు అడిగితే నొచ్చుకోకండి. మిమ్మల్ని "మీరు" అనాలా, చనువుగా పిలవాలా తేల్చుకోవడానికి అడుగుతారు. "భోంచేశారా?" అని కూడా అడుగుతారు. మన దగ్గరలాగే అది పలకరింపే. "ఆ, తిన్నాను" అంటే చాలు, ఏం తిన్నారో మెనూ చెప్పనక్కర్లేదు.

డబ్బు, కార్డు, గ్లాసు ఏదైనా పెద్దవాళ్ళకి రెండు చేతులతో ఇవ్వండి, రెండు చేతులతో తీసుకోండి. లేదంటే కుడిచేత్తో ఇస్తూ ఎడమచేతిని మోచేతి దగ్గర ఆనించండి. మనం తీర్థం తీసుకునే భంగిమ గుర్తుచేసుకుంటే సగం వచ్చేసినట్టే. పెద్దవాళ్ళ ఎదుట సోజు, అంటే వాళ్ళ సారా, తాగాల్సి వస్తే మొహం కొద్దిగా పక్కకి తిప్పి తాగాలి. మీ గ్లాసు మీరే నింపుకోకూడదు, పక్కవాళ్ళు నింపుతారు, వాళ్ళది మీరు నింపాలి. తాగనివాళ్ళు గ్లాసులో కొంచెం పోయించుకుని పెదాలకి తాకించి పెట్టేసినా మర్యాద నిలబడుతుంది.

భోజనం

నేల మీద కూర్చునే పాత హోటళ్ళు వెతకండి. గడప దగ్గర బూట్ల అర ఉంటుంది, లోపల పొట్టి బల్లలు. మీరు ఒక కూర అడిగితే దాంతోపాటు చిన్న చిన్న గిన్నెల్లో నాలుగైదు "బాన్‌చన్" వస్తాయి: కిమ్చి (కారం వేసి ఊరబెట్టిన క్యాబేజీ), మొలకలు, పాలకూర, ముల్లంగి. వాటికి డబ్బు లేదు, అయిపోతే మళ్ళీ అడగొచ్చు. మంచినీళ్ళూ ఊరికే ఇస్తారు. టిప్పు ఇవ్వక్కర్లేదు. చెంచా, చాప్‌స్టిక్స్ కనిపించకపోతే బల్ల పక్కన సొరుగు లాగి చూడండి. అన్నం చెంచాతో తినాలి, గిన్నె చేత్తో పైకెత్తకూడదు. చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చితే పోయినవాళ్ళకి పెట్టినట్టు. మన దగ్గర విస్తరి ఎటు వేశారో చూసి పెద్దవాళ్ళు ఉలిక్కిపడినట్టే వాళ్ళూ ఉలిక్కిపడతారు. బల్ల దగ్గర అందరికన్నా పెద్దవాళ్ళు చెంచా ఎత్తాకే మీరూ ఎత్తండి.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఒక చిక్కు ఉంది. బల్లమీదే మాంసం కాల్చుకునే చోట్ల, పెద్ద గిన్నెలో ఉడికే కూరల దగ్గర ఇద్దరికి తక్కువ ఆర్డరు తీసుకోరు. గుమ్మంలోనే ఒక వేలు చూపించి అడిగేయండి.

ఇక శాకాహారుల సంగతి. దాచుకోవడం ఎందుకు, కొరియా మీకు కష్టమైన దేశమే. కిమ్చిలో ఉప్పు రొయ్యలో చేపల రసమో పడుతుంది. చారు నీళ్ళు ఎండు నెత్తళ్ళతో కాస్తారు. "కోగి ప్పేగో జుసెయో", అంటే మాంసం తీసేసి ఇవ్వండి, అన్న మాట నేర్చుకుని ధీమాగా ఒక కింబాప్ (సముద్రపు నాచు ఆకులో చుట్టిన అన్నం) కొట్టుకి వెళ్ళాను. ఆవిడ నవ్వుతూ తల ఊపి, చక్కగా చుట్టి ఇచ్చింది. కొరికితే లోపల హామ్. ఆవిడ తప్పు లేదు. "కోగి" అంటే వాళ్ళకి ముక్కలుగా కనిపించే మాంసం. హామ్, చేప ముద్ద, ఎండ్రకాయ పుల్ల ఆ లెక్కలోకి రావు. అందుకని "మాంసం వద్దు" అని ఊరుకోకుండా ఒక్కోదాని పేరూ చెప్పాలి. పాపాగోలో ముందే ఒక చీటీ రాసి పెట్టుకోండి: మాంసం, చేప, రొయ్య, హామ్, నెత్తళ్ళ చారు ఏవీ తినను అని. గుడ్డు తినకపోతే అదీ రాయండి, ఎందుకంటే కూరలతో కలుపుకునే అన్నం "బిబింబాప్" మీద గుడ్డు అడక్కుండానే వస్తుంది.

ధైర్యంగా తినదగినవి కూడా ఉన్నాయి. మాంసం, గుడ్డు లేకుండా చేయించుకున్న బిబింబాప్‌ని ఎర్రటి మిరప ముద్ద "గోచుజాంగ్" వేసి బాగా కలపండి. ముద్దపప్పు ఆవకాయ కలిపిన చేయికి అది నేర్పక్కర్లేదు, ఇక్కడ చెంచాతో అంతే. గోచుజాంగ్‌లో కూడా కొన్నిసార్లు మాంసం వేయించి కలుపుతారు, అడగండి. వేసవిలో సోయా పాలలో వేసిచ్చే చల్లటి నూడుల్స్ "కోంగుక్సు", చలికాలంలో బెల్లం పాకంలాంటిది నింపిన రొట్టె "హొత్తొక్". అన్నిటికంటే నమ్మకమైనది గుడి భోజనం, "సాచల్ ఊమ్‌షిక్". అందులో మాంసం, చేప ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. సియోల్‌లో జోగ్యేసా గుడికి ఎదురుగా బౌద్ధ సంఘంవాళ్ళే నడిపే "బారు గోంగ్యాంగ్" ఉంది, ముందుగా బుక్ చేసుకోవాలి. ఖరీదే, కానీ ఒక్కపూట వెళ్ళండి. తామరదుంప, పుట్టగొడుగు, ఆకుకూరలతో ఇన్ని రుచులు తీయొచ్చని నాకు అంతకుముందు తెలియదు.

రాజభవనం, హన్‌బోక్

గ్యొంగ్‌బొక్‌గుంగ్ సియోల్‌లో 1395లో కట్టిన రాజభవనం. మంగళవారం సెలవు. టికెట్ 3,000 వొన్, వాళ్ళ సంప్రదాయ దుస్తులు హన్‌బోక్ కట్టుకుని వెళ్తే ఉచితం. చుట్టుపక్కల వీధులన్నీ హన్‌బోక్ అద్దె కొట్లే. ఆడవాళ్ళకి పొట్టి పైతొడుగు "జొగొరి", బుట్టలా విచ్చుకునే పావడా "చిమా". మగవాళ్ళకి వదులు పైజమా, పొడవు అంగీ. విదేశీయులు కట్టుకుంటే కొరియన్లు ఏమీ అనుకోరు, ముచ్చటపడతారు. కొట్లో మొదట చూపించేవి జరీ మెరుపులవి, లోపల తీగ వలయం పెట్టినవి. ఫోటోకి బాగుంటాయి గానీ అసలు కట్టు చూడాలంటే సంప్రదాయంగా ఉన్నవి చూపించమని అడగండి. పొద్దున్న పదింటికి ద్వారం దగ్గర కావలి మార్పు తంతు జరుగుతుంది, మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ.

ఫోటోలు అయ్యాక ఒక పావుగంట మెట్ల మీద కూర్చుని ఈ కథ తెలుసుకోండి. 1592లో జపాన్ దండెత్తినప్పుడు ఈ భవనం తగలబడింది. 270 ఏళ్ళకి పైగా పాడుపడి ఉండి 1860లలో మళ్ళీ లేచింది. తర్వాత జపాన్ కొరియాని ఆక్రమించి, చాలా భవనాలు పడగొట్టి, సరిగ్గా ముందు 1926లో తన పాలనాభవనం కట్టింది. దాన్ని 1990ల మధ్యలో కూల్చేశారు. ఇప్పుడు మీరు చూసే గోడల్లో చాలా భాగం కొత్తవి. ఒక్కో మండపాన్నీ పాత పటాలు చూసి ఇంకా కడుతూనే ఉన్నారు.

పాతదనం కళ్ళారా చూడాలంటే పక్కనే ఛాంగ్‌డొక్‌గుంగ్‌కి వెళ్ళండి. దాని వెనక తోటకి వేరే టికెట్. ఆ రెండు రాజభవనాల మధ్యలో బుక్‌ఛోన్ పెంకుటిళ్ళ వీధులు. అక్కడ మామూలు జనం కాపురాలు ఉంటున్నారు. టూరిస్టుల గోల భరించలేక ముఖ్యమైన వీధిలోకి సాయంత్రం ఐదు నుంచి పొద్దున్న పది దాకా సందర్శకులు రాకూడదని రూలు పెట్టారు, 2025 మార్చి నుంచి జరిమానా లక్ష వొన్. వాళ్ళ గేటు పట్టుకుని సెల్ఫీ దిగేముందు మన వాకిట్లో ఎవరైనా అలా చేస్తే ఏమంటామో అనుకుంటే చాలు. రాత్రి పెంకుటింట్లో ఉండాలని ఉంటే జొంజు వెళ్ళండి. ఆ ఊళ్ళో అలాంటి ఇళ్ళు కొన్ని వందలున్నాయి, చాలావాటిలో గదులు అద్దెకిస్తారు. నేల మీద పరుపు, వెచ్చటి నేల, కాగితం తలుపులు. పక్కగది వాళ్ళ గురక ఉచితం.

జిమ్‌జిల్‌బాంగ్

మొదట్లో చెప్పిన వేడినీళ్ళ స్నానశాల ఇదే. ఇక్కడ చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గకండి.

డబ్బు కట్టగానే ఒక తాళం, కాటన్ నిక్కరు-చొక్కా, చిన్న తువ్వాళ్ళు ఇస్తారు. ముందు బూట్లు ఒక అరలో. తర్వాత మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. బట్టలన్నీ లాకర్లో పెట్టి స్నానాల గదిలోకి వెళ్ళాలి. అవును, అన్నీ. లోపల బట్టలు వేసుకుని తిరగడమే వింత. మొదటి రెండు నిమిషాలు నేల చూపులు చూస్తారు, మూడో నిమిషానికి ఎవరూ మిమ్మల్ని చూడటం లేదని తెలుస్తుంది. పొట్టి స్టూలు మీద కూర్చుని ఒళ్ళు శుభ్రంగా రుద్దుకున్నాకే తొట్టిలో దిగాలి. ఈ ఒక్క రూలు తప్పితేనే ఎవరైనా కసురుకుంటారు. తొట్లు వేడిని బట్టి వేరువేరుగా ఉంటాయి, గోడమీద డిగ్రీలు రాసి ఉంటాయి. 38 నుంచి మొదలుపెట్టండి.

మూలన ప్లాస్టిక్ బల్లలు కనిపిస్తాయి. అక్కడ వేరే డబ్బుకి "సెషిన్" చేస్తారు, అంటే గరుకు చేతితొడుగుతో ఒళ్ళంతా తోమడం. చిన్నప్పుడు భోగి పొద్దున మామ్మ నలుగు పెట్టి తోమిన తోముడు గుర్తుందా? దానికి రెండింతలు. మట్టి చుట్టలు చుట్టలుగా రాలుతుంది, సిగ్గేస్తుంది, తోమేవాళ్ళకి మాత్రం అది రోజువారీ పని. బయటికొచ్చాక ఒళ్ళు పసిపిల్లల బుగ్గలా ఉంటుంది.

స్నానమయ్యాక వాళ్ళిచ్చిన బట్టలు వేసుకుని ఉమ్మడి హాల్లోకి రండి. ఇక్కడ ఆడా మగా పిల్లా ముసలీ అందరూ నేల మీద దొర్లుతుంటారు. చుట్టూ మట్టి, ఉప్పు గోడల వేడి గదులు. తువ్వాలుని రెండువైపులా చుట్టి గొర్రె చెవుల్లా తలకి పెట్టుకోవడం ఎవరినైనా అడిగితే నేర్పిస్తారు. కాల్చిన గుడ్లు, చల్లటి తియ్యటి బియ్యపు పానీయం "షిఖ్యే" కొనుక్కోండి. రాత్రంతా తెరిచి ఉండేవాటిలో అక్కడే పడుకోవచ్చు, హోటల్ ఖర్చు మిగులుతుంది. కొరియన్ కుటుంబం ఆదివారం ఎలా గడుపుతుందో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

ఒక సాయంత్రం పాన్సోరికి

మన బుర్రకథ, హరికథ విన్నవాళ్ళు పాన్సోరి వదులుకోకూడదు. ఒక్కరే నిలబడి, చేతిలో విసనకర్రతో, గంటల తరబడి పాడుతూ మాట్లాడుతూ కథ చెబుతారు. పక్కన చాప మీద ఒక డోలు మనిషి, "గోసు". అతను మధ్యమధ్యలో "ఒల్సుగూ!" అని అరుస్తుంటాడు. వినేవాళ్ళు కూడా అరవాలి, అరిస్తేనే పాడేవాళ్ళకి ఊపు. బుర్రకథ వంతగాళ్ళు "తందాన తాన" అన్నప్పుడు వచ్చే ఊపే ఇది. ఒకప్పుడు పన్నెండు కథలుండేవి, పూర్తిగా పాడేవి ఇప్పుడు ఐదే మిగిలాయి. సియోల్‌లో నేషనల్ గుగాక్ సెంటర్‌లో శనివారాల్లో సంప్రదాయ సంగీతం, నాట్యం కలిపి ప్రదర్శిస్తారు, టికెట్ ధర మామూలే. భాష తెలియకపోయినా గొంతు చీరుకుపోయేలా పాడే ఆ తీరు మనసులో ఉండిపోతుంది.

దక్షిణానికి: గ్యొంగ్జు, గిమ్‌హే

సియోల్ నుంచి వేగంగా పోయే కేటీఎక్స్ రైల్లో రెండు గంటల్లో గ్యొంగ్జు. సిల్లా రాజ్యానికి దాదాపు వెయ్యేళ్ళు రాజధాని. ఊరి మధ్యలో పచ్చగడ్డి కప్పుకున్న గుట్టలు కనిపిస్తాయి, అవి రాజుల సమాధులు. సైకిలు అద్దెకి తీసుకుని వాటి మధ్య తిరగండి. ఈ సిల్లా నుంచే హ్యెచో అనే కుర్ర భిక్షువు 720ల్లో మన దేశమంతా తిరిగాడు. దక్షిణాదిలో కొండల మధ్య నాగార్జునుడి ఆజ్ఞతో ఒక యక్షుడు కట్టిన పెద్ద విహారం ఉందని రాసుకున్నాడు. ఆ రాతప్రతి 1908లో చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో బయటపడింది.

బుసాన్ పక్కనే గిమ్‌హే. అక్కడ సురో రాజు సమాధి, కాస్త దూరంలో రాణి హొ హ్వాంగ్-ఓక్ సమాధి. ఆమె క్రీ.శ. 48లో "అయుత" దేశం నుంచి ఓడలో వచ్చిందని 13వ శతాబ్దపు గ్రంథం చెబుతుంది. అయోధ్య అని కొందరు, మావైపేనని తమిళులు. చరిత్రగా దీనికి రుజువుల్లేవు, కథగా మాత్రం బతికే ఉంది. ఆ రాజు, రాణి వంశం మాదేనని చెప్పుకునే గిమ్‌హే కిమ్ ఇంటిపేరు వాళ్ళు దేశంలో లక్షల్లో ఉన్నారు, మీరు ఇండియా అనగానే "మా మామ్మ మీ దేశం ఆవిడే" అనేవాళ్ళు తగులుతారు. కాదనకండి, టీ ఇప్పిస్తారు.

గుడిలో ఒక రాత్రి

దీన్ని చివరికి పెట్టుకోండి, అప్పటికి ఒళ్ళు కూర్చోవడానికి, వంగడానికి అలవాటుపడి ఉంటుంది. 2002 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి వచ్చే విదేశీయుల కోసం గుళ్ళలో గదులు తెరిచారు. అలా మొదలైందే టెంపుల్‌స్టే. ఆన్‌లైన్లో బుక్ చేయొచ్చు. రెండు రకాలుంటాయి: ఊరికే ఉండి రావడం, అన్నిట్లో పాల్గొనడం. రెండోదే తీసుకోండి, ఇంగ్లీషు చెప్పేవాళ్ళు ఉన్న గుడి చూసుకోండి. నా ఓటు హేఇన్సాకి. 13వ శతాబ్దంలో చెక్కిన 81 వేలకి పైగా చెక్క పలకల మీద బౌద్ధ గ్రంథాలన్నీ అక్కడున్నాయి. గాలి ఆడే కిటికీలు, బొగ్గూ సున్నమూ ఉప్పూ కలిపి వేసిన నేల తప్ప వేరే రక్షణ లేకుండా ఇన్ని శతాబ్దాలు నిలిచాయి.

మధ్యాహ్నం చేరగానే వదులు దుస్తులు ఇస్తారు. సాయంత్రం భోజనం ఆరు లోపే. కొన్ని గుళ్ళలో భిక్షువులు తిన్నట్టు నాలుగు గిన్నెలతో, మాట లేకుండా తినాలి. చివర్లో నీళ్ళు పోసి, ఒక ముల్లంగి ముక్కతో గిన్నె తుడిచి, ఆ నీళ్ళు తాగేయాలి. మెతుకు మిగలకూడదు. ఎంత తినగలరో అంతే వడ్డించుకోండి, నాలాగా ఆశపడకండి.

నిద్రలేపేది తెల్లవారుజామున నాలుగింటికి అటూ ఇటూగా, చెక్క "మొక్తక్" మీద టక్ టక్ మని కొడుతూ. చీకట్లో గంట, ఢంకా మోగుతుండగా పెద్ద హాలుకి నడిచి వెళ్ళాలి. ఆ తర్వాత 108 నమస్కారాలు. మోకాళ్ళు, చేతులు, నుదురు నేలకి తగలాలి. ఐదు అంగాలు కాబట్టి వాళ్ళ పేరు కూడా మన పంచాంగ నమస్కారమే, "ఓచెతుజి". ఒక్కో నమస్కారానికి ఒక పూస దారానికి ఎక్కిస్తారు, చివరికి 108 పూసల మాల మీ చేతిలో ఉంటుంది. నలభయ్యో పూస దగ్గర మోకాళ్ళు మొరాయిస్తాయి. నొప్పులున్నవాళ్ళు ముందే చెప్పండి, కూర్చుని చేయనిస్తారు. తెల్లారాక భిక్షువుతో టీ. ఏదైనా అడగొచ్చు, జీతం ఎంత అని మాత్రం అడగొద్దు, మా బృందంలో ఒకాయన అడిగాడు.

హాలు బయట మెట్టురాయి దగ్గర చాలా గుళ్ళలో "జోగోగాఖా" అని చిన్న బోర్డు ఉంటుంది. కాళ్ళ కింద చూసుకో అని అర్థం. ధ్యానం చేసేవాళ్ళకి అది పెద్ద మాటే కావచ్చు. మీరు మాత్రం బూట్లు విప్పి, రెండూ జతగా, ముందుభాగం బయటివైపు ఉండేలా పెట్టండి. నాలుగింటి చీకట్లో ముప్పయిమంది ఒకేసారి బయటికి వచ్చినప్పుడు టార్చి వెలుగులో మీవి ఏవో వెతుక్కునే పని తప్పుతుంది.